సెమిస్టర్ పరీక్షలూ విండోస్ గడువులూ: కళాశాల కంప్యూటర్లను ఎప్పుడు మార్చాలి?

2025 అక్టోబరు 14, మంగళవారం. దసరా వెళ్లి పన్నెండు రోజులైంది, దీపావళికి ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన ఉచిత మద్దతు ముగిసింది. మర్నాడు పొద్దున ఏ కళాశాలలోనైనా మీట నొక్కితే కంప్యూటర్ ఎప్పటిలాగే వెలిగింది. వర్డ్ తెరుచుకుంది, ప్రింటర్ కాగితం లాక్కుంది. ఏమీ ఆగలేదు కాబట్టే అనుమానం మొదలైంది. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి? మార్చక తప్పదంటే ఎప్పుడు మార్చాలి?

ఈ ప్రశ్నను కొల్లాపూర్‌లో కూర్చొని ఆలోచిద్దాం. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ప్రధాన ప్రాంగణం మహబూబ్‌నగర్‌లో ఉంటే, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి. ఉమ్మడి పాలమూరులోని డిగ్రీ కళాశాలలు దాని అనుబంధంలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒక ల్యాబు మొరాయిస్తే మధ్యాహ్నానికల్లా మనిషి వచ్చి చూస్తాడు. మహబూబ్‌నగర్ నుంచి కొల్లాపూర్‌కు సుమారు వంద కిలోమీటర్లు. ఒక చిన్న పొరపాటు సరిచేయడానికి ఒక పూట ప్రయాణం, ఒక రోజు పాఠం పోతాయి. అందువల్ల ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న నగరంలో కన్నా ఇక్కడ బరువైనది. లెక్కల కోసం 40 కంప్యూటర్ల ల్యాబు ఒకటి ఉందనుకుందాం. అది ఏ కళాశాలదీ కాదు, మన లెక్కకు పెట్టుకున్నది మాత్రమే. మీ సంఖ్య వేరైతే దాంతో గుణించుకోండి.

ముందు రెండు మాటలు తేల్చుకుందాం. కంప్యూటర్ యంత్రానికీ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడి అన్నిటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్, లైనక్స్ ఆ కోవలోవి. ‘మద్దతు’ అంటే, అందులో దొంగలు దూరగల లోపం బయటపడినప్పుడల్లా తయారుచేసినవాళ్లు దాన్ని సరిచేసి పంపడం. ఆ సవరణను ప్యాచ్ అంటారు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం వీటిని విడుదల చేస్తుంది. మన గడియారంలో అది రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది కాబట్టి, కళాశాలలకు చేరేది బుధవారం పొద్దున్నే.

మద్దతు ఆగినంత మాత్రాన ఆ రాత్రే ఆపద వచ్చి పడదు. అది నెలనెలా పేరుకుంటుంది. విండోస్ 11 కోసం విడుదలైన ప్రతి ప్యాచ్‌నూ నేరగాళ్లు విప్పి చూస్తారు. ఏ లోపాన్ని పూడ్చారో అందులోనే తెలిసిపోతుంది. విండోస్ 10, 11లలో చాలా భాగం ఉమ్మడి కోడే. అదే లోపం పాతదానిలోనూ ఉంటే, అక్కడ దాన్ని పూడ్చేవాళ్లు ఉండరు. అంటే కొత్తదానికి వచ్చే ప్రతి సవరణా పాతదాని బలహీనతను లోకానికి చాటుతుంది.

‘మా దగ్గర యాంటీవైరస్ ఉంది కదా’ అని అడిగేవారుంటారు. మంచిదే, తీసేయకండి. కానీ అది ప్రధానంగా దురుద్దేశపు ప్రోగ్రాములను గుర్తుపట్టి ఆపేది. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని లోపాన్ని అది పూడ్చలేదు. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఇదంతా ఎక్కడో దూరదేశాల సంగతి అనుకోకుండా ఉండటానికి 2017 మే 12ను గుర్తుచేసుకోవాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ‘వన్నాక్రై’ వైరస్ ఆ రోజు బయటపడింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు అది పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు యూనిట్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది, దాడికి సరిగ్గా 59 రోజుల ముందు. ఇంకో సంగతి ముఖ్యమైనది. ప్రపంచవ్యాప్తంగా చిక్కుకున్న కంప్యూటర్లలో అత్యధికం అప్పటికే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీవి కావు, విండోస్ 7వి. అప్పటికి విండోస్ 7కు మద్దతు ఉంది, ప్యాచ్ కూడా వచ్చింది. వేసుకోకపోవడమే తప్పయింది. కనుక పాత విండోస్‌ను అంటిపెట్టుకోవడం ఎంత ప్రమాదమో, కొత్తది వేసుకొని అప్‌డేట్లు ఆపేయడం కూడా అంతే ప్రమాదం. డేటా ఖర్చవుతుందనో, క్లాసు మధ్యలో రీస్టార్ట్ అడుగుతుందనో అప్‌డేట్లు ఆపేసిన ల్యాబుల్లో ముందు చేయాల్సిన పని వాటిని తిరిగి తెరవడం. దానికి రూపాయి ఖర్చు లేదు.

అలాగైతే కొత్తది వచ్చిన రోజే వేసేద్దామా? వద్దు. 2018 అక్టోబరు 2న విండోస్ 10కు ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్ల ఫోల్డర్లలోని ఫైళ్లే చెరిగిపోయాయి. నాలుగైదు రోజుల్లో మైక్రోసాఫ్ట్ దాన్ని నిలిపేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ ఇచ్చింది. ఆ ఆరు వారాలు ఆగినవాళ్లకు ఏమీ కాలేదు. మొదటి రోజే వేసుకున్నవాళ్లలో కొందరు తమ రాతకోతలు పోగొట్టుకున్నారు.

2024 జులై 19 మరో పాఠం. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసుల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. అక్కడ కంప్యూటర్లు ఆగిపోవడం విండోస్ తప్పు కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ పర్యవసానం. మన సమయం ప్రకారం ఉదయం 9.39కి పంపి 10.57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లోనే ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దగ్గర ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. అన్ని యంత్రాలకూ ఒకేసారి వేయడం ఎంత నష్టమో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. ఒక లోపం రెండు కంప్యూటర్లను ఆపితే మిగిలిన 38 మీద పాఠం సాగుతుంది. అన్నీ ఆగితే ల్యాబుకు తాళమే.

కనుక భద్రతా ప్యాచ్‌లను వారం పది రోజుల్లోపు వేయాలి. మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే అప్‌గ్రేడ్‌కు మాత్రం కనీసం ఆరు నెలలు ఆగి, ముందు రెండు యంత్రాల మీద ఒక సెమిస్టర్ నడిపి చూడాలి. నా సలహా ఇదే. విండోస్ 11 అయితే 2021 అక్టోబరు 5నే వచ్చింది. దానికి ఆ నిరీక్షణ ఎప్పుడో తీరిపోయింది.

ఇప్పుడు మీ యంత్రాల దగ్గరికి వద్దాం. విండోస్ 11 అన్ని కంప్యూటర్లకూ ఎక్కదు. 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, సెక్యూర్ బూట్ సౌకర్యం, టీపీఎం 2.0 ఉండాలి. టీపీఎం అంటే రహస్య సంకేతాలను భద్రంగా దాచే చిన్న చిప్ లేదా ప్రాసెసర్‌లోనే ఉండే ఆ ఏర్పాటు. అసలు అడ్డంకి సాధారణంగా ప్రాసెసరే. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, అంటే 2017 ద్వితీయార్ధం నుంచి వచ్చినవే పనికొస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. ‘ఐ5-7400’ అని ఉంటే గీత తర్వాతి అంకె 7, అది ఏడో తరం, పనికిరాదు. ‘ఐ5-8400’ అయితే ఎనిమిదో తరం, పనికొస్తుంది. ‘ఐ3-10100’లా అయిదంకెలుంటే మొదటి రెండూ కలిపి పదో తరం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిస్తే ఈ సంఖ్య కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ‘పీసీ హెల్త్ చెక్’ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం అవుననో కాదనో తేల్చి చెబుతుంది.

‘టీపీఎం లేదు’ అని చూపిస్తే వెంటనే యంత్రాన్ని పక్కన పెట్టకండి. 2018 తర్వాత కొన్న డెస్క్‌టాప్‌లలో చాలాసార్లు అది ఉండి కూడా ఆపి ఉంటుంది. యంత్రం వెలిగేటప్పుడు తెరవగల మూల సెట్టింగుల్లోకి, అంటే బయోస్‌లోకి వెళ్లి దాన్ని తెరిస్తే చాలు. అయితే ఆ మార్పుకు ముందు బిట్‌లాకర్, అంటే డిస్క్‌కు వేసే రహస్య తాళం, ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. తిరిగి వెలిగించినప్పుడు కంప్యూటర్ ఆ 48 అంకెల కీ అడిగి కూర్చోవచ్చు.

అర్హత లేని యంత్రాల మీద కూడా దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించే పద్ధతులు యూట్యూబ్ నిండా ఉన్నాయి. సొంత యంత్రం మీద ప్రయోగం చేసుకునేవారి సంగతి వేరు. కళాశాలకు అది తగదు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా ఇంత శ్రమ! నకిలీ ‘యాక్టివేటర్ల’ జోలికి అసలు పోకూడదు. తాళం తెరిచే ప్రోగ్రాం అన్న పేరుతో దొంగనే లోపలికి పిలిచినట్టవుతుంది.

ఇక డబ్బు. మద్దతు ముగిసినా మరో మూడేళ్ల పాటు భద్రతా ప్యాచ్‌లు మాత్రం కొనుక్కునే ఏర్పాటు ఉంది. దాన్ని ఈఎస్‌యూ అంటారు, పొడిగించిన భద్రతా అప్‌డేట్లన్న మాట. కొత్త సౌకర్యాలేమీ రావు, ముఖ్యమైన లోపాలకు సవరణలు వస్తాయి. వ్యాపార సంస్థలకు దీని ధర కంప్యూటర్‌కు మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. మొత్తం 427 డాలర్లు. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే రూ.38,430. ఇంచుమించు కొత్త కంప్యూటర్ ధర! ఈ లెక్క చూసి చాలా కళాశాలలు బెదిరిపోయి వదిలేస్తాయి.

అయితే విద్యాసంస్థల ధర వేరు. మొదటి ఏడాది 1 డాలరు, రెండో ఏడాది 2, మూడో ఏడాది 4. మూడేళ్లకు కలిపి 7 డాలర్లు, అంటే రూ.630. నెలకు పదిహేడున్నర రూపాయలు, ఒకటి రెండు చాయ్‌ల ఖర్చు. 40 యంత్రాలకు మొదటి ఏడాది రూ.3,600, రెండో ఏడాది రూ.7,200, మూడో ఏడాది రూ.14,400, మొత్తం రూ.25,200. సంస్థల లైసెన్సులు అమ్మే అధీకృత విక్రేత ద్వారానే ఇది కొనాలి. పన్నులు, విక్రేత రుసుము అదనం. మధ్యలో చేరితే వెనకటి ఏళ్ల సొమ్ము కూడా కట్టాలి కాబట్టి ఆలస్యం చేసి ఆదా చేయగలిగింది ఏమీ లేదు. గడువులు వరుసగా 2026 అక్టోబరు 13, 2027 అక్టోబరు 12, 2028 అక్టోబరు 10. 2025లో ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ‘దోస్త్’ ద్వారా డిగ్రీలో చేరిన విద్యార్థి 2028లో పట్టా తీసుకొని వెళ్లేదాకా పాత యంత్రాలను ఈ ఏర్పాటు కాపాడుతుంది.

పోనీ మూడేళ్లూ ఇలాగే గడిపేద్దామా అంటే, చివరన 40 కొత్త కంప్యూటర్లు ఒకేసారి కొనాల్సి వస్తుంది. ఒక్కోటి రూ.45,000 అనుకుంటే రూ.18 లక్షలు. అంత సొమ్ము ఒక్క బడ్జెట్‌లో దొరకడం కష్టమని కళాశాల నడిపిన ఎవరికైనా తెలుసు. అందుకే యంత్రాలను విడివిడిగా చూడాలి. 40లో 15 ఎనిమిదో తరం దాటినవి అనుకుందాం. వాటికి విండోస్ 10 లైసెన్సు ఉంటే విండోస్ 11కు మారడం ఉచితం. మిగిలిన 25కు మొదటి ఏడాది ఈఎస్‌యూ కొంటే రూ.2,250. ఆ ఏడాదిలోపు 8 యంత్రాలు మార్చి, మిగిలిన 17కు రెండో ఏడాది కొంటే రూ.3,060. మరో 8 మార్చి, మిగిలిన 9కి మూడో ఏడాది కొంటే రూ.3,240. ఈఎస్‌యూకు మొత్తం ఖర్చు రూ.8,550. కొత్త యంత్రాలకు మొదటి రెండేళ్లు రూ.3.6 లక్షల చొప్పున, మూడో ఏడాది రూ.4.05 లక్షలు. రూ.18 లక్షల పిడుగు రూ.11.25 లక్షలై, అదీ మూడు వాయిదాల్లోకి మారింది. ఎనిమిదిన్నర వేల రూపాయలు కొనిచ్చింది ఈ వెసులుబాటునే.

ఆ 25 యంత్రాల్లో కొన్నిటికి మరో దారి కూడా ఉంది. లైనక్స్ ఉచితం, పాత ప్రాసెసర్ల మీద తేలిగ్గా నడుస్తుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 24.04 అనే లైనక్స్‌కు 2029 దాకా ఉచిత మద్దతు ఉంది. సీ, పైథాన్, డేటాబేస్ ప్రాక్టికల్స్‌కు అది చక్కగా సరిపోతుంది. కేరళలో ప్రభుత్వ సంస్థ ‘కైట్’ బడుల్లోని లక్షల కంప్యూటర్లను లైనక్స్ మీదే నడుపుతోంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో లైనక్స్‌ను తయారుచేసి విద్యార్థులకు ఏళ్లుగా నేర్పిస్తోంది. ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్ సిలబస్‌లో ఉన్న బీకాం విద్యార్థులకు మాత్రం విండోస్ తప్పదు. కనుక ల్యాబులో ఒక వరుసను లైనక్స్‌కు ఇవ్వడం నాకు సబబుగా తోస్తుంది. ఉద్యోగాల్లో సర్వర్ల మీద ఆ పిల్లలు చూడబోయేది ఎక్కువగా దాన్నే.

అప్‌గ్రేడ్‌కు తేదీ పెట్టకముందే తేల్చుకోవాల్సిన విషయం, దాని తర్వాత ఏవి పనిచేయకుండా పోతాయన్నది. మన కళాశాలల్లో మూడు చోట్ల కాలు తడబడుతుంది.

ఒకటి టర్బో సీ. 1990ల నాటి ఆ నీలితెర ఎడిటర్‌లోనే ఇప్పటికీ ఎందరో మొదటి సీ ప్రోగ్రాం రాస్తున్నారు. అది 16 బిట్ ప్రోగ్రాం. పాత 32 బిట్ విండోస్ మీద నేరుగా నడిచేది. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవవు. డాస్‌బాక్స్ అనే మధ్యవర్తి ప్రోగ్రాం పెట్టి నడపొచ్చు గానీ, కోడ్ బ్లాక్స్ లాంటి ఉచిత ఎడిటర్‌కు మారడమే మేలు. దాంతో చిక్కల్లా రికార్డుల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములతోనే. ‘కోనియో’ ఫైలును, ‘క్లియర్ స్క్రీన్’ ఆదేశాన్ని వాడినవి మార్చుకోవాల్సి ఉంటుంది. సెమిస్టర్ మధ్యలో ఈ మార్పు చేస్తే ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు తెల్లమొహం వేస్తారు. సెమిస్టర్ మొదటి వారంలోనే కొత్త ఎడిటర్‌తో మొదలుపెడితే ఎవరికీ తేడా తెలియదు.

రెండోది తెలుగు ప్రశ్నపత్రాలు, నోటీసులు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన ఫైళ్లు కళాశాల ఆఫీసుల్లో గుట్టలుగా ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 రెండు దశాబ్దాల కిందటిది, అడోబీ దాన్ని ఎప్పుడో వదిలేసింది. కొత్త విండోస్ మీద అది నడవొచ్చు, నడవకపోవచ్చు. ముందే ఒక యంత్రం మీద పరీక్షించాలి. పాత ఫైళ్లన్నిటినీ ఇప్పుడే పీడీఎఫ్‌గా మార్చి దాచుకుంటే కనీసం చదవడానికీ ముద్రించడానికీ లోటు ఉండదు. కొత్తగా చేసే పని యూనికోడ్‌లో చేస్తే విండోస్ మారిన ప్రతిసారీ ఈ భయం ఉండదు. ఉచితంగా దొరికే మంచి తెలుగు యూనికోడ్ ఫాంట్లలో ఒకదాని పేరు ‘సురవరం’. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరు మీద వచ్చింది. ప్రశ్నపత్రం ఆ అక్షరాల్లో వస్తే అంతకన్నా ఏం కావాలి!

మూడోది పాత ప్రింటర్లు, స్కానర్లు, వేలిముద్ర యంత్రాలు. వీటికి విండోస్ 11 డ్రైవర్ ఉందో లేదో తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో చూస్తే పది నిమిషాల్లో తేలుతుంది. డ్రైవర్ అంటే ఆ పరికరంతో విండోస్ మాట్లాడటానికి కావాల్సిన చిన్న ప్రోగ్రాం. చూడకుండా ముందుకు పోతే హాల్‌టికెట్లు ముద్రించాల్సిన రోజున తెలుస్తుంది.

ఇప్పుడు క్యాలెండర్ తీద్దాం. విండోస్ గడువులు మన పండుగల పక్కనే పడుతున్నాయి. ఎక్స్‌పీకి మద్దతు ఆగింది 2014 ఏప్రిల్ 8న, శ్రీరామనవమి నాడు, తెలంగాణ ఏర్పాటుకు 55 రోజుల ముందు. విండోస్ 7కు ఆగింది 2020 జనవరి 14న, భోగి నాడు. విండోస్ 10ది చెప్పుకున్నాం. ఇవేవీ హఠాత్తుగా వచ్చినవి కావు. విండోస్ 10 ముగింపు తేదీ 2015లో అది విడుదలైన నాటికే ప్రకటించి ఉంది, పదేళ్ల ముందస్తు నోటీసుతో. గడువులు ముందే తెలుసు, సెమిస్టర్ పరీక్షలు ఏ నెలల్లో వస్తాయో కూడా తెలుసు. ఈ రెండు క్యాలెండర్లనూ పక్కపక్కన పెట్టి చూడటమే నిర్ణయంలో సగం.

నిండు పూత మీద ఉన్న తోటకు మందు కొట్టకూడదని కొల్లాపూర్ మామిడి రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ల్యాబుకూ అలాంటి రోజులున్నాయి. ప్రాక్టికల్ పరీక్షలకు నెల ముందు నుంచి అవి ముగిసేదాకా ఏ యంత్రాన్నీ అప్‌గ్రేడ్ చేయకూడదు. ఆఫీసు కంప్యూటర్లకు ఆ నిషేధ కాలం వేరు. పరీక్ష ఫీజులు కట్టించుకునే రోజులు, దోస్త్ ప్రవేశాలు జరిగే మే నుంచి జులై దాకా, మార్కులు ఎక్కించే వారాలు. వీటిని చెరిపేస్తే ల్యాబుకు మిగిలే మంచి కాలం సరి సెమిస్టర్ పరీక్షలయ్యాక వచ్చే వేసవి సెలవులు. ఆఫీసుకు సంక్రాంతి, దసరా సెలవులు. పండుగల తేదీలు కూడా ఒకసారి చూసుకోండి. 2026లో ఈఎస్‌యూ మొదటి ఏడాది గడువు అక్టోబరు 13 అయితే, దసరా అక్టోబరు 20. పండగయ్యాక చూద్దాంలే అంటే గడువు దాటిపోతుంది.

సెలవుల్లో కూడా ఏ రోజన్నది ఆలోచించాల్సిందే. విండోస్ 10 నుంచి 11కు మారాక, నచ్చకపోతే తిరిగి వెనక్కి వెళ్లడానికి 10 రోజుల వెసులుబాటు ఉంటుంది. సెలవుల మొదటి రోజే అప్‌గ్రేడ్ చేసి తాళం వేస్తే ఆ పది రోజులూ ఎవరూ ముట్టుకోకుండానే గడిచిపోతాయి. తరగతులు తెరిచాక లోపం బయటపడితే వెనక్కి దారి ఉండదు. కనుక సెలవుల చివరి మూడు నాలుగు రోజుల్లో చేయడం మేలు. లేదా ఆ వెసులుబాటును 60 రోజుల దాకా పెంచే ఆదేశం విండోస్‌లోనే ఉంది, అప్‌గ్రేడ్ అయిన వెంటనే దాన్ని ఇవ్వాలి. ఏదేమైనా ఫైళ్ల నకలు వేరే హార్డ్ డిస్క్ మీద తీసుకోకుండా మాత్రం మొదలుపెట్టకండి.

వేళ కూడా ముఖ్యమే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఈదురుగాలి లేస్తే మామిడి కాయలు రాలతాయి, కరెంటూ పోతుంది. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోతే విండోస్ చాలాసార్లు పాత స్థితికి తిరిగి వస్తుంది గానీ, ప్రతిసారీ వస్తుందన్న భరోసా లేదు. పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించడం మంచిది. యూపీఎస్ బ్యాటరీలు ఎంతసేపు ఆగుతున్నాయో ముందు రోజే చూడండి.

ఎంత సమయం పడుతుంది? ఫైళ్ల నకలు, అప్‌గ్రేడ్, తర్వాత సరిచూసుకోవడం కలిపి యంత్రానికి రెండు గంటలు పెట్టుకోండి. ఒకేసారి అయిదు చొప్పున చేస్తే 15 యంత్రాలకు ఆరు గంటలు. ఒక మనిషి, ఒక రోజు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే మనిషి ఒక్క ప్రయాణంలో ముగించగల పని ఇది.

డేటా సంగతి? విండోస్ 11 ఇన్‌స్టాల్ ఫైలు పరిమాణం వెర్షన్‌ను బట్టి మారుతుంది, లెక్కకు అయిదున్నర జీబీ అనుకుందాం. 15 యంత్రాలూ ఎవరికి వారు దించుకుంటే 82 జీబీ దాటుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్‌తో అది 41 రోజుల సరుకు. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో కళాశాల లైన్ మీద తొమ్మిది గంటలకు పైగా. ఒక్కసారి దించి కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే 37 నిమిషాలతో సరిపోతుంది. నెలవారీ ప్యాచ్‌లకు కూడా సెట్టింగ్స్‌లో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ ఆన్ చేస్తే, ఒక యంత్రం దించుకున్నదాన్ని ల్యాబులోని మిగతావి దాని దగ్గరి నుంచే తీసుకుంటాయి. అప్‌డేట్లు ఆపేయడానికి చెప్పే కారణాల్లో పెద్దది దీంతో తీరిపోతుంది.

ఏ రకం విండోస్ 11 వేస్తున్నారన్నది కూడా చూసుకోండి. ఏటా ఒక కొత్త వెర్షన్ వస్తుంది. హోమ్, ప్రో రకాలకు ఒక్కో వెర్షన్ మీద 24 నెలల మద్దతు ఉంటే, ఎడ్యుకేషన్ రకానికి 36 నెలలు. 25హెచ్2 వెర్షన్ ఎడ్యుకేషన్ రకం వేసుకుంటే 2028 అక్టోబరు దాకా నిశ్చింత. కళాశాలకు ఆ అదనపు ఏడాది చాలా విలువైనది. విశ్వవిద్యాలయం లైసెన్సు ఒప్పందంలో అది ఉందేమో అడిగి తెలుసుకోవడం మంచిది.

చివరిగా, ఏ యంత్రం ముందు? ల్యాబులో పిల్లలు ఎక్కువ మంది ఉంటారు కాబట్టి అక్కడే మొదలుపెట్టాలనిపిస్తుంది. కానీ మార్కులు, ఫీజులు, స్కాలర్‌షిప్ వివరాలు, పిల్లల ఆధార్ నకళ్లు ఉండేది ఆఫీసులోని మూడు నాలుగు కంప్యూటర్లలో. ఇంటర్నెట్‌కు రోజంతా తెరిచి ఉండేవీ, తెలియని మెయిళ్లు ముందుగా వచ్చి పడేవీ అవే. ల్యాబు యంత్రం పాడైతే మళ్లీ విండోస్ వేసుకుంటే సరి, అందులో పోయేదేమీ పెద్దగా ఉండదు. ఆఫీసు యంత్రం వన్నాక్రై లాంటిదానికి చిక్కితే ఒక బ్యాచ్ పిల్లల కాగితాలన్నీ పోతాయి. కొత్తగా కొనే మొదటి 8 యంత్రాల్లో నాలుగు ఆఫీసుకు ఇవ్వాలని గట్టిగా చెబుతాను. కేవలం సీ ప్రోగ్రాములకో టైపింగ్‌కో వాడే అతి పాత యంత్రాలను నెట్‌వర్క్ నుంచి పూర్తిగా విడదీయండి. వాటికి పెన్‌డ్రైవ్‌ల బెడద అప్పటికీ ఉంటుంది కాబట్టి బయటి పెన్‌డ్రైవ్‌లను అనుమతించకండి.

విద్యార్థుల ఇళ్లలోని ల్యాప్‌టాప్‌ల గురించి కూడా అడుగుతుంటారు. కళాశాలల ఒక్క డాలరు ధర వాటికి వర్తించదు. సొంత కంప్యూటర్ల కోసం మైక్రోసాఫ్ట్ వేరే ఏర్పాటు చేసింది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో ఈఎస్‌యూ నమోదు లంకె ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు 13 దాకా ప్యాచ్‌లు వస్తాయి. అలా వద్దనుకుంటే 30 డాలర్లు కట్టవచ్చు. ముందు విండోస్ 10లో చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉండాలి. లేకపోతే ఆ లంకె అసలు కనిపించదు. ల్యాబ్ అసిస్టెంట్ ఒక పీరియడ్ కేటాయించి ఇది చూపిస్తే తరగతిలో ల్యాప్‌టాప్ ఉన్నవారంతా అక్కడికక్కడే నమోదు చేసుకోగలరు.